చందా కట్టినవాడి మాట: ఆంధ్ర గ్రంథాలయోద్యమం, సంఘాలు నేర్చుకొనే తీరు

1860 నాటి సంఘాల రిజిస్ట్రేషను చట్టం చదవడానికి ఆసక్తికరమైన గ్రంథమేమీ కాదు. అయినా అందులో మూడు సెక్షన్లను తీరికగా చదువదగును. గ్రంథాలయాలను, పఠన మందిరాలను స్థాపించి నడిపే సంఘాలు కూడా ఆ చట్టం కింద నమోదు కావచ్చునని 20వ సెక్షను చెబుతుంది. ఏటేటా సర్వసభ్య సమావేశం జరిగిన పదునాలుగు రోజుల లోపల కార్యవర్గ సభ్యుల జాబితాను రిజిస్ట్రారుకు పంపాలని 4వ సెక్షను చెబుతుంది. మూడు నెలలకు మించి చందా బాకీపడినవాడికి ఓటు ఉండదు, అతణ్ణి సభ్యుడిగా లెక్కించనే కూడదు అని 15వ సెక్షను చెబుతుంది. మరోలా చెప్పుకొంటే, చందా కట్టినవాడికి ఓటుంది. వాడి మాట ఏడాదికొక్కసారైనా వినక తప్పదు.

తెలుగునాట ఊరూరా గ్రంథాలయాలు వెలసిన కాలంలో రిజిస్టరైన సంఘాలూ ఉన్నాయి, కానివీ ఉన్నాయి. నిజాం రాజ్యానికి ఈ చట్టం వర్తించనే లేదు. అయినా సభ్యులు, చందా, కార్యవర్గం, వార్షిక సమావేశం అనే చట్రం మాత్రం అన్నిచోట్లా ఇంచుమించు ఒక్కటే. ఆ చట్రంలో చిన్నచిన్న తేడాలు ఏ సంస్థ ఏమి నేర్చుకొన్నదో, ఏమి నేర్చుకోలేకపోయిందో ఎలా నిర్ణయించాయన్నది ఈ వ్యాసంలో పరిశీలించదలచాను.

మనిషి నేర్చుకోవడం వేరు, సంఘం నేర్చుకోవడం వేరు. సభ్యుల్లో ఒక్కొక్కరు మహాపండితులై ఉండవచ్చు. వారిలో ఒకరికి తెలిసినది సంఘం నియమంగానో, అలవాటుగానో, కొనుగోలుగానో మారినప్పుడే సంఘం నేర్చుకొన్నట్టు. అలా మారాలంటే ఆ మాట చెప్పడానికి ఒక చోటుండాలి, వినవలసిన అవసరం ఒకరికుండాలి. కనుక పాలన అంటే ఎవరు నిర్ణయిస్తారన్నది మాత్రమే కాదు. ఆ నిర్ణయించేవారు ఎవరి మాట వినక తప్పదన్నది అంతకంటె ముఖ్యం.

* * *

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో రావిచెట్టు రంగారావు గారి ఇంట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఏర్పడింది. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వేంకట రంగారావు ఈ ప్రయత్నంలో ముఖ్యులు. పాలనకూ చదువుకూ ఉర్దూయే ఆధారమైన రాజ్యంలో తెలుగు పుస్తకాల కోసం తెలుగువారు నలుగురూ కూడటం ఆనాడు చిన్న సాహసం కాదు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వెలిశాయి.

పుస్తకాల బీరువా పెట్టుకొన్నవారికి మొదట తెలిసివచ్చేది బీరువాలో లేని పుస్తకాల సంగతి. కావ్యాలున్నాయి, పురాణాలున్నాయి. రసాయన శాస్త్రం లేదు, జీవశాస్త్రం లేదు, దేశచరిత్ర లేదు. 1906లో ఆ మిత్రబృందమే విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించింది. లక్ష్మణరావు, రంగారావులకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు తోడైనారు. 1907లో గాడిచర్ల రాసిన అబ్రహాం లింకను చరిత్రతో ప్రచురణలు మొదలైనాయి. ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్రం, వేమూరి విశ్వనాథశర్మ రసాయన శాస్త్రం, చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము తరువాత వచ్చాయి. చందాదారుల బలంతో ఇటువంటి పుస్తకాలను వరుసగా అచ్చువేయవచ్చునని తెలుగునాట రుజువు చేసింది మండలి. గ్రంథాలయం ఐదేళ్ళు తిరిగేసరికి ప్రచురణ సంస్థను కన్నది. ఒక సంఘం నేర్చుకోవడమంటే ఇదే.

అయితే మండలికి ఒక బలహీనత ఉండేది. అది దాని బలంలోనే ఉంది. గ్రంథాల ఎంపిక, పరిష్కరణ, శాస్త్ర పరిభాష కూర్పు అన్నీ చాలవరకు లక్ష్మణరావు గారి భుజాల మీదనే నడిచాయి. ఆయన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము అనే మహాకార్యానికి పూనుకొన్నాక మండలి పని మందగించింది. 1923 జులై 12న ఆయన కన్నుమూసేనాటికి విజ్ఞాన సర్వస్వము అక్షరక్రమంలో ఆదిలోనే ఉన్నది. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు ఆ పనిని తిరిగి చేపట్టినా అది పూర్తికాలేదు. చందాదారుడు ఇక్కడ పుస్తకం కొనేవాడు, మెచ్చుకొనేవాడు. అంతేగాని పని నేర్చుకొని రేపు ఆ కుర్చీలో కూర్చోవలసినవాడుగా అతణ్ణి తయారుచేసే ఏర్పాటు లేదు. ఒక్కరి జ్ఞానం సంస్థ జ్ఞానంగా మారడానికి దారి ఏర్పడలేదు.

* * *

1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడింది. జయంతి రామయ్య పంతులు గారిది సారథ్యం, పిఠాపురం మహారాజా వారిది పోషణ. ఇది మరో తరహా పాలన. రాజపోషణ సంస్థకు ఓర్పునిస్తుంది. తాళపత్రాలు సేకరించడం, పరిష్కరించడం, దశాబ్దాల తరబడి ఒక నిఘంటువును కూర్చడం ఏటా చందాలు లెక్కపెట్టుకొనే సంఘానికి సాధ్యమయ్యే పనులు కావు. శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు తొలి సంపుటం వెలువడింది 1936లో. పరిషత్తు పుట్టిన పాతికేళ్ళకు! అంతకాలం వేచి ఉండగల పోషకుడు దొరకడం అదృష్టమే.

కాని ఓర్పునిచ్చిన ఏర్పాటే చెవులను కూడా మూసింది. గిడుగు రామమూర్తి పంతులు వాడుకభాష కోసం వాదిస్తున్న రోజులవి. బడి పుస్తకాలలోకి ఆ భాష రాకూడదని పరిషత్తు పట్టుపట్టింది. బడిలో పాఠం చెప్పే ఉపాధ్యాయుడి కష్టం గాని, ఇంట మాట్లాడే భాషలో ఒక్క వాక్యం రాయలేని విద్యార్థి కష్టం గాని పరిషత్తు నిర్ణయాలు జరిగే చోటికి చేరే దారి లేదు. వారు సభ్యులు కారు, పోషకులంతకంటె కారు. ఇక గిడుగు వారు చేయగలిగింది వేరే సంఘం పెట్టుకోవడమే. 1919లో రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. కందుకూరి వీరేశలింగం పంతులు దానికి అధ్యక్షులు. అదే ఏడు మే నెలలో ఆయన అస్తమించారు.

1924లో కాకినాడలో పరిషత్తు వాడుకభాషపై నిషేధాన్ని అధికారికంగా ఎత్తివేసింది. ఇది పాఠం నేర్చినట్టే కదా అనిపిస్తుంది. పన్నెండేళ్ళ తరువాత వచ్చిన నిఘంటువు చూస్తే వేరే సంగతి బోధపడుతుంది. అది గ్రంథస్థమైన పదాలకే పెద్దపీట వేసి వ్యావహారికాన్ని పరిహరించింది. తీర్మానం మారింది, పని చేసే పద్ధతి మారలేదు. క్రిస్ ఆర్జిరిస్, డొనాల్డ్ షోన్ అనే అమెరికన్ పండితులు 1978లో సంస్థలు నేర్చుకొనే తీరు గురించి రాస్తూ రెండు రకాల నేర్పును వేరుచేశారు. ఉన్న లక్ష్యాన్ని అలాగే ఉంచి పొరపాటు దిద్దుకోవడం ఒకటి. ఆ లక్ష్యాన్నీ నియమాన్నే ప్రశ్నించుకోవడం మరొకటి. ఈ రెండవదే కష్టం. పరిషత్తు దాని గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

* * *

మూడవ తరహా పాలన 1914 ఏప్రిల్ 10న బెజవాడలో, రామమోహన ధర్మ పుస్తక భాండాగారంలో పుట్టింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం పంతులు అధ్యక్షతన గ్రంథాలయాల ప్రతినిధులు సమావేశమై ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘాన్ని ఏర్పరచుకొన్నారు. అయ్యంకి వేంకట రమణయ్య గారు దానికి ప్రాణం. ఇక్కడ సభ్యత్వ స్వరూపమే వేరు. ఊళ్ళలో అప్పటికే తమ చందాలతో నడుస్తున్న గ్రంథాలయాలు కలిసి కట్టుకొన్న సంఘమిది. భీమవరం దగ్గర కుముదవల్లి అనే పల్లెలో 1897లోనే వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయం వెలసిందంటే, కేంద్రం కంటె కొమ్మలే ముందు పుట్టాయన్నమాట. అందువల్ల కేంద్రం ఊళ్ళకు ఆజ్ఞాపించలేదు, అడగగలదంతే. అడగడానికి వెళ్ళాలి, వెళితే వినాలి.

ఈ వినడానికి సంఘం మూడు సాధనాలు ఏర్పరచుకొన్నది. మొదటిది, ఊరు మార్చి ఊరు జరిపే మహాసభలు. రెండవది గ్రంథాలయ సర్వస్వము అనే పత్రిక. డబ్బు చాలక మధ్యమధ్య ఆగినా మళ్ళీ మళ్ళీ లేచింది. ఒక ఊరి అనుభవం మరొక ఊరికి తెలిసేది దాని ద్వారానే. మూడవది గ్రంథాలయ యాత్ర. కార్యకర్తలు బృందంగా బయలుదేరి పల్లె పల్లె తిరిగి సభలు పెట్టి గ్రంథాలయాలు స్థాపించవలసిందిగా ప్రబోధించేవారు. తీర్థయాత్రకు వెళ్ళినవాడు చెప్పడానికి కాదు గదా, చూడటానికి వెళతాడు. ఈ యాత్రలు కూడా అటువంటివే.

అలా తిరిగినవారికే తట్టగల ఆలోచన ఒకటి 1935లో రూపుదాల్చింది. కృష్ణా పశ్చిమ డెల్టాలో ప్రజలు కాలువల మీద పడవలలో ప్రయాణం చేసేవారు. పడవ ప్రయాణం గంటల తరబడి సాగుతుంది, ప్రయాణికుడికి వేరే పని ఉండదు. పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య పడవ గ్రంథాలయం నడిపించారు. చదువరి గ్రంథాలయానికి రావడం గాక, గ్రంథాలయమే చదువరికి ఖాళీ దొరికే చోటికి వెళ్ళడం! ఏ కార్యాలయంలోనో కూర్చొని పథకం రాసేవాడికి పడవ ప్రయాణికుడి తీరిక కనిపించదు. కాలువగట్టు మనుషులు నడిపే సంఘానికి కనిపిస్తుంది. గ్రంథాలయ కార్యకర్తలకు శిక్షణ, వయోజన విద్య కూడా ఈ సంఘాల నుంచి వచ్చిన పనులే.

నిజాం రాజ్యంలో ఈ సంఘాలు నేర్పినది ఇంకా ఎక్కువ. సభ జరుపుకోవాలంటే గస్తీ నిషాన్ 53 ప్రకారం సర్కారు అనుమతి కావలసిన రోజులలో, గ్రంథాలయమే జనం కలుసుకొనే చోటు. అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడం, జమాఖర్చులు చదివి వినిపించడం, ఎదుటివాడు మాట్లాడేదాకా ఆగడం, తీర్మానం రాసి సంతకం పెట్టడం... ఇవన్నీ ప్రజలు అక్కడే అభ్యసించారు. 1921లో ఆంధ్ర జనసంఘం, 1930లో జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభ వచ్చేనాటికి సభ నడపడం తెలిసినవారు కొందరు సిద్ధంగా ఉన్నారు. గ్రంథాలయం పుస్తకం ద్వారా నేర్పినది కొంత, మినిట్సు పుస్తకం ద్వారా నేర్పినది మరికొంత.

* * *

ఇంతవరకు చదివి చందా సంఘాలన్నీ ప్రజాస్వామ్యపు పూలతోటలని అనుకోరాదు. రాబర్ట్ మిఖెల్స్ 1911లో, అంటే మన పరిషత్తు పుట్టిన ఏడే, ఒక కఠోరమైన సూత్రం చెప్పాడు. ఎంత ప్రజాస్వామికంగా మొదలైన సంఘమైనా చివరికి కొద్దిమంది చేతుల్లోకి పోతుందని ఆ సూత్రం. మన గ్రంథాలయ సంఘంలోను పదవులు ఏళ్ళ తరబడి కొందరి దగ్గరే ఉండిపోయిన మాట నిజం. వారు త్యాగధనులు గనుక నష్టం తక్కువైంది.

అంతకంటె పెద్ద ప్రశ్న సభ్యుడెవరన్నది. చందా కట్టగలిగినవాడు, అక్షరం వచ్చినవాడు, ఆ గడప తొక్కనిచ్చిన కులంవాడు సభ్యుడు. మిగిలినవారు? ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం పుట్టిన బెజవాడలోనే మూడేళ్ళకు, 1917 నవంబరులో, భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన మరొక మహాసభ జరిగింది. పంచమ మహాసభగా తలపెట్టిన ఆ సభ ఆ పేరును తోసిపుచ్చి ఆది ఆంధ్ర మహాసభ అయింది. హైదరాబాదులో 1906 నుంచే జగన్మిత్ర మండలిని నడిపిన అనుభవం భాగ్యరెడ్డివర్మది. ఇతరులు తగిలించిన పేరును తీసివేసి తమ పేరు తాము పెట్టుకోవడం కంటె పెద్ద నూతన ఆవిష్కరణ ఆ దశాబ్దంలో ఏముంది? తమకోసం వేరెవరో పెట్టిన ఉద్ధరణ సంఘం ఆ తీర్మానం చేసి ఉండేది కాదు. బాధపడేవారే సభ్యులైన సభ గనుక చేయగలిగింది. సభ్యత్వపు గడప ఎక్కడ ఉంటుందో సంఘం నేర్పుకు ఎల్ల అక్కడే ఉంటుంది.

* * *

చందాలతో బతకడం కష్టమని ఉద్యమకారులకు అందరికంటె బాగా తెలుసు. కరవు వస్తే చందా ఆగుతుంది, పార్టీ కక్షలు వస్తే సంఘం చీలుతుంది. అందుకే ప్రభుత్వం బాధ్యత తీసుకోవాలని వారే కోరారు. అప్పటికే బరోడాలో ఒక నమూనా ఉన్నది. శాయాజీరావు గాయక్వాడ్ మహారాజు 1910లో విలియం బోర్డెన్ అనే అమెరికన్ గ్రంథాలయ నిపుణుణ్ణి రప్పించి రాజ్యమంతటా గ్రంథాలయ వ్యవస్థ ఏర్పాటు చేయించాడు. 1919లో మద్రాసులో జరిగిన అఖిల భారత గ్రంథాలయ మహాసభకు అధ్యక్షత వహించిన కుడాల్కర్ ఆ బరోడా శాఖాధికారియే. బరోడా పద్ధతిలో ఒక సూక్ష్మముంది. ఊరివారు కొంత మొత్తం పోగుచేస్తే, అంతే మొత్తం ప్రాంత పంచాయతీ, అంతే మొత్తం రాజ్యం ఇచ్చేవి. రాజు సొమ్ము కదలాలంటే ముందు ఊరు కదలాలి. ధనం పైనుంచి వచ్చినా మొదటి మాట కిందినుంచే రావాలన్నమాట.

మనకు వచ్చిన చట్టం వేరు. ఎస్. ఆర్. రంగనాథన్ ఏళ్ళ తరబడి చేసిన కృషి ఫలితంగా 1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది. ఆస్తిపన్ను మీద గ్రంథాలయ సెస్సు, జిల్లాకొక గ్రంథాలయ సంస్థ ఏర్పడ్డాయి. సెస్సు తరువాత రూపాయికి 8 పైసలకు చేరింది. పేదవాడు చందా కట్టకుండా పత్రిక చదువుకోగలగడం, ఉద్యోగికి జీతం నిలకడగా రావడం గొప్ప మేలు. దానిని తక్కువచేయడం అన్యాయం.

కాని ఒక మాట మారింది, దానితో అంతా మారింది. చందా పోయి ధరావతు వచ్చింది. చందా కట్టినవాడు సభ్యుడు, ధరావతు కట్టినవాడు పాఠకుడు. మొదటివాడికి ఓటుంది, రెండవవాడికి కార్డుంది. సంస్థ అధ్యక్షుణ్ణి ప్రభుత్వం నియమిస్తుంది, నియమించని రోజులలో అధికారి ఇన్‌ఛార్జిగా ఉంటాడు. ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో చెప్పినట్టు, నచ్చని సంస్థలో మనిషికి ఉన్న దారులు రెండు: గొంతెత్తడం, లేదా తప్పుకోవడం. చందా సంఘంలో పదిమంది తప్పుకొంటే ఆ నెల నూనె దీపానికి డబ్బు చాలదు. గొంతెత్తితే మినిట్సు పుస్తకంలోకి ఎక్కుతుంది. గ్రంథాలయ సంస్థలో పాఠకుడు మెల్లగా రావడం మానివేస్తే ఏ ఖాతాలోను లోటు కనిపించదు. సెస్సు వసూలైనా మునిసిపాలిటీలు, పంచాయతీలు సకాలంలో జమచేయవన్న ఫిర్యాదు చాలా కాలంగా ఉన్నదే. దాంతో సంస్థ చూపు పాఠకుడి వైపు కాక ఖజానా వైపు మళ్ళింది. వినవలసిన చెవి ఎక్కడో, చెప్పవలసిన నోరు ఎక్కడో అయిపోయాయి.

నేడు పట్టణాల గ్రంథాలయాలలో ఉద్యోగ పరీక్షలకు చదువుకొనే యువతీయువకులు ఉదయం నుంచి రాత్రిదాకా కూర్చొంటున్నారు. వారికి కావలసినవి కొత్త సంచిక పుస్తకాలు, కుర్చీ, మంచినీరు, మరుగుదొడ్డి. ఆ సంగతి కార్యవర్గంలో చెప్పడానికి వారికి స్థానం లేదు గనుక గేటు ముందు నినాదమిస్తారు. 1935 నాటి పడవ ప్రయాణికుడి అవసరం నినాదం లేకుండానే సంఘానికి తెలిసింది, మరచిపోరాదు.

* * *

వెనక్కి వెళ్ళి అన్నీ చందా గ్రంథాలయాలు చేయాలని నా వాదన కాదు. సెస్సు ఉండాలి, జీతాలుండాలి. ప్రతి శాఖా గ్రంథాలయంలోను పాఠకులు ఎన్నుకొన్న ఇద్దరికి చోటిచ్చి, కొనే పుస్తకాల జాబితా మీద వారి అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకొంటే ఖర్చేమీ పెరగదు. బరోడా పద్ధతిలోని మొదటి మూడవ వంతు ధనం కాదు, ఊరి మాట. దానిని తిరిగి తెచ్చుకోవచ్చు.

తమ కార్యవర్గాలతోనే నడుస్తున్న పాత గ్రంథాలయాలు ఇంకా ఉన్నాయి. 1918లో వెలసిన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికల కోసం పరిశోధకులు ఈనాటికీ అక్కడికి వెళుతున్నారు. హైదరాబాదు సుల్తాన్‌బజారులో కృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం నిలిచే ఉంది. ఇటువంటి చోట్ల పుస్తకాలను స్కాను చేయాలన్న శ్రద్ధ ఈమధ్య పెరిగింది, సంతోషం. అయితే ముందు బీరువా అడుగున ఉన్న మినిట్సు పుస్తకాలను చూడవలసిందని నా మనవి. ముద్రిత గ్రంథానికి మరో ప్రతి ఎక్కడో ఉంటుంది. ఫలానా సభ్యుడు ఫలానా పుస్తకం కావాలన్నాడు, కార్యదర్శి కాదన్నాడు, ఓటింగు జరిగింది, పుస్తకం కొన్నారు అన్న నాలుగు వాక్యాలకు రెండో ప్రతి లేదు. ఒక ఊరు కలిసి ఆలోచించడం నేర్చుకొన్న చరిత్ర అంతా ఆ నాలుగు వాక్యాలలోనే ఉంది.

మీ ఊరి గ్రంథాలయంలో అటువంటి పుస్తకం మిగిలి ఉన్నదా? చెదలు చదవకముందే మనం చదవగలమా? తెలిసినవారు తెలుపగలరు.